ఆరేళ్ల ఫార్మ్‌డీ: ఏ క్లాసు ఎప్పుడు?

ప్రశ్న: నమస్తే అక్కా. మా ఆయనకు న్యూజెర్సీలో ఉద్యోగం రావడంతో నిరుడు వేసవిలో గుంటూరు నుంచి వచ్చాం. పిల్లలు హెచ్-4 (ఉద్యోగి కుటుంబానికిచ్చే డిపెండెంట్ వీసా) మీద ఉన్నారు. పెద్దమ్మాయి అక్కడ ఇంటర్ బైపీసీ మొదటి ఏడాది చదివింది, ఇక్కడ పదకొండో గ్రేడులో వేశారు. ఫార్మసిస్టు అవుతానంటోంది. ఇంటర్ అవ్వగానే నేరుగా చేరే ఆరేళ్ల ఫార్మ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) ఉందట కదా. నాలుగైదు ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి) పరీక్షలు రాసి, వేసవిలో కమ్యూనిటీ కాలేజీలో క్లాసులు తీసుకుంటే అది ఐదేళ్లలో అయిపోతుందని తెలిసినవాళ్లు చెబుతున్నారు. నిజమేనా? ఏ క్లాసు ఎప్పుడు తీసుకోవాలో కాస్త చెప్పండి.

జవాబు: ఐదేళ్లలో అవ్వదమ్మా. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఆ లెక్క నమ్ముకుని పిల్లల నెత్తిన ఏపీ క్లాసులన్నీ ఎత్తిన వాళ్లను ఎడిసన్ చుట్టుపక్కల చాలామందినే చూశాను.

ఆరేళ్లలో మొదటి రెండేళ్లు ప్రీ-ఫార్మసీ. కెమిస్ట్రీ, బయాలజీ, మ్యాథ్స్, ఇంగ్లిష్ వగైరా. ఆ తర్వాతి నాలుగేళ్లే అసలు ఫార్మసీ. ఈ నాలుగేళ్లలో ఇష్టమొచ్చిన క్లాసు ఇష్టమొచ్చినప్పుడు తీసుకునే వీలుండదు. బ్యాచ్ మొత్తం ఫాల్‌లో (ఆగస్టు-సెప్టెంబరులో మొదలయ్యే సెమిస్టర్) కలిసి మొదలుపెడుతుంది, కలిసే ముగిస్తుంది. చాలా సబ్జెక్టులు ఏడాదికి ఒక్కసారే నడుస్తాయి. చివరి ఏడాది ఆసుపత్రుల్లో, ఫార్మసీల్లో రొటేషన్లు, అంటే విడతలవారీగా చేసే ప్రాక్టికల్ శిక్షణ. ఫార్మసీ కాలేజీలకు గుర్తింపునిచ్చే ఏసీపీఈ నిబంధన ప్రకారం అవి కనీసం 1440 గంటలు, అంతకుముందు ఏళ్లలో ఇంకో 300 గంటలు. ఏపీ పరీక్షల్లో అన్నీ ఐదుకి ఐదులే తెచ్చుకున్నా వీటిలో ఒక్క గంట తగ్గదు. పోనీ మొదటి రెండేళ్లను ఏడాదిన్నరలో ముగిస్తే? మళ్లీ ఫాల్ వచ్చేదాకా ఆగాల్సిందే. వేసవి సెలవుల్లేకుండా నడిపి ఫార్మ్‌డీని మూడేళ్లలో ముగించే కాలేజీలు ఉన్నమాట నిజమే. కాలిఫోర్నియాలో యూనివర్సిటీ ఆఫ్ ద పసిఫిక్ అలాంటిదే. కానీ మీరు అడుగుతున్న తూర్పు తీరపు ఆరేళ్ల కోర్సుల లెక్క వేరు.

అలాగని ఏపీలు దండగ అనను. వాటితో ఏడాది మిగలదుగానీ భారం తగ్గుతుంది. ఇంగ్లిష్, సైకాలజీ, ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ లాంటివి ఏపీతో ముందే తీరిపోతే, కష్టమైన రెండో ఏడాదిలో 17 క్రెడిట్లు (క్లాసుల బరువును లెక్కగట్టే యూనిట్లు) మోసేచోట 13తో నడిపించుకోవచ్చు. ఫుల్‌టైమ్‌కి 12 చాలు. కెమిస్ట్రీ, బయాలజీ ఏపీల సంగతి మాత్రం జాగ్రత్త. యూనివర్సిటీ క్రెడిట్ ఇస్తుంది, అదే యూనివర్సిటీలోని ఫార్మసీ కాలేజీ "మా ల్యాబుతో సహా ఇక్కడే చదవాలి" అనవచ్చు. ఒప్పుకున్నచోట కూడా నేనైతే జనరల్ కెమిస్ట్రీ వదిలేసి మొదటి సెమిస్టర్లోనే ఆర్గానిక్‌లోకి దూకమని చెప్పను. కొత్త దేశం, కొత్త హాస్టల్, పైగా ఆర్గానిక్. ఎందుకంత టెన్షన్?

ఇక ఏది ఎప్పుడు అంటే, ప్లాన్ మొత్తాన్ని కెమిస్ట్రీ చుట్టూ కట్టాలి. మొదటి ఏడాది ఫాల్‌లో జనరల్ కెమిస్ట్రీ ఒకటి (మొదటి భాగం), జనవరిలో మొదలయ్యే స్ప్రింగ్‌లో రెండు (రెండో భాగం). రెండో ఏడాది ఫాల్‌లో ఆర్గానిక్ ఒకటి, స్ప్రింగ్‌లో రెండు. ఆ పైన బయోకెమిస్ట్రీ. ఒకటి పాసవనిదే రెండోది రిజిస్టర్ కానివ్వరు. మిగతావన్నీ ఈ వరుసకు అటూ ఇటూ సర్దుకునేవే.

ఒక ఉదాహరణ చూడండి. మొదటి ఏడాది స్ప్రింగ్‌లో అమ్మాయికి జనరల్ కెమిస్ట్రీ రెండులో సీ-మైనస్ వచ్చిందనుకోండి. మన లెక్కలో అది పాస్. కానీ చాలా ఫార్మసీ కాలేజీలు సైన్స్ ప్రీరిక్విజిట్లలో (ముందే పూర్తిచేయాల్సిన సబ్జెక్టుల్లో) కనీసం సీ ఉండాలంటాయి, సీ-మైనస్ చెల్లదు. వేసవిలోనే మళ్లీ రాసి గట్టెక్కకపోతే ఫాల్‌లో ఆర్గానిక్ ఒకటికి తలుపు మూసుకుంటుంది. చాలాచోట్ల ఆ క్లాసు ఫాల్‌లోనే మొదలవుతుంది, కాబట్టి మళ్లీ ఏడాది తర్వాతే. అప్పటికి తన బ్యాచ్ ఫార్మసీ మొదటి ఏడాదిలోకి వెళ్లిపోతుంది. ఒక్క సబ్జెక్టులో పోయిన ఒక్క గ్రేడు అలా ఏడాదిని తినేస్తుంది. మీకు ఐదేళ్ల లెక్క చెప్పినవాళ్లు దీని గురించి చెప్పి ఉండరు.

కాబట్టి ప్లాన్ వేసేటప్పుడు ఆర్గానిక్ ఉన్న రెండు సెమిస్టర్లనూ ముందు గీసి పెట్టుకుని, వాటిలో తక్కిన బరువు తగ్గించండి. అనాటమీ-ఫిజియాలజీ కూడా చాలాచోట్ల ఆ ఏడాదే వస్తుంది, దాన్ని తప్పించలేం. స్పీచ్, ఎకనామిక్స్, హ్యుమానిటీస్ మాత్రం మొదటి ఏడాదికో వేసవికో జరపవచ్చు. మన పిల్లలు ఇంటర్లో ఆర్గానిక్ అంటే రియాక్షన్ల పేర్లు బట్టీ పట్టి వస్తారు. ఇక్కడ పరీక్షలో మెకానిజం అడుగుతారు, ఎలక్ట్రాన్లు ఎటునుంచి ఎటు వెళ్తాయో బాణాలు గీసి చూపించాలి. బట్టీ అక్కడ పనికిరాదు.

మీ అమ్మాయిది బైపీసీ అన్నారు, నాకు కెమిస్ట్రీ కన్నా ముందు అదే కంగారు పుట్టించింది. అంటే పదో తరగతి తర్వాత లెక్కలు వదిలేసింది. ఇండియాలో బీఫార్మసీలో బైపీసీ పిల్లలకు మొదటి సెమిస్టర్లో రెమెడియల్ మ్యాథమెటిక్స్ అని పెట్టి సర్దుతారు. ఇక్కడ అలాంటి దయాదాక్షిణ్యాలు ఉండవు, చాలా ఫార్మసీ కాలేజీలు కాల్క్యులస్ అడుగుతాయి. చేరగానే యూనివర్సిటీ ప్లేస్‌మెంట్ టెస్టు పెడుతుంది. అందులో ప్రీకాల్క్యులస్‌లో పడితే కాల్క్యులస్ ఒక సెమిస్టర్ వెనక్కి పోతుంది. కొన్నిచోట్ల మ్యాథ్స్ ప్లేస్‌మెంట్ తక్కువైతే జనరల్ కెమిస్ట్రీలోకీ రానివ్వరు. వరుస మొదట్లోనే తెగుతుందన్నమాట. అందుకని పన్నెండో గ్రేడులో ఏ ఏపీ ఉన్నా లేకపోయినా ప్రీకాల్క్యులస్ ఉండి తీరాలి. దానికి ముందు చదవాల్సిన ఆల్జీబ్రా టూ ఇప్పుడు చదువుతోందో లేదో కనుక్కోండి. అది కూడా కాకపోతే ఈ వేసవి దానికే.

మొదటి సెమిస్టర్ దాదాపు ఇలా ఉంటుంది: జనరల్ కెమిస్ట్రీ ల్యాబుతో కలిపి 4, బయాలజీ 4, కాల్క్యులస్ 4, ఇంగ్లిష్ కాంపోజిషన్ 3, ఫార్మసీ వృత్తిని పరిచయం చేసే చిన్న క్లాసు 1. మొత్తం 16. చూడ్డానికి తేలికగానే ఉంటుంది. కానీ ల్యాబు సంగతి వేరు. ఒక్క క్రెడిట్ కోసం వారానికి మూడు గంటలు నిలబడాలి. వెళ్లేముందు నోట్‌బుక్‌లో ప్రీ-ల్యాబ్ రాసుకోవాలి, లోపలికి వెళ్లగానే క్విజ్, ఆ వారమే రిపోర్టు. పెళ్లికని వారం రోజులు ఇండియా వెళ్లొస్తే ల్యాబు మార్కులు మళ్లీ రావు. డిసెంబరు టికెట్లు బుక్ చేసేముందు ఫైనల్స్ ఏ తేదీన ముగుస్తాయో అమ్మాయిని అడగండి. ఇది చిన్న విషయమనుకుని ఏటా ఎవరో ఒకరు ఇరుక్కుంటారు.

సెమిస్టర్ మధ్యలో ఒక సబ్జెక్టు చేతులెత్తేసేలా ఉంటే, గడువులోపు విత్‌డ్రా అయితే ట్రాన్‌స్క్రిప్ట్ మీద డబ్ల్యూ పడుతుంది. మనవాళ్లకు అది పరువు సమస్య. ఒక్క డబ్ల్యూ ఉన్నా కొంప మునగదు, డీ గ్రేడు మాత్రం జీపీఏని (గ్రేడుల సగటుని) కిందికి లాగేస్తుంది. ఫార్మసీ ఏళ్లలోకి వెళ్లాలంటే గ్రేడులతో పాటు కనీస జీపీఏ కూడా ఉండాలి. "సీటు గ్యారంటీ" అంటారు చూశారూ, ఆ గ్యారంటీ ఈ షరతు మీదే. అయితే విత్‌డ్రా అయ్యేముందు అడ్వైజర్‌ని, వీసా వ్యవహారం ఉంటే ఇంటర్నేషనల్ ఆఫీసునీ అడగాలి. 12 క్రెడిట్ల కిందికి పోతే ఇంకో చిక్కు.

కమ్యూనిటీ కాలేజీ మంచిదే, చవక కూడా. స్టాటిస్టిక్స్, సైకాలజీ లాంటివి అక్కడ కానిచ్చేయవచ్చు. ఏ క్లాసు ఏ యూనివర్సిటీలో దేనికి సమానమో న్యూజెర్సీ ట్రాన్స్‌ఫర్ వెబ్‌సైట్‌లో కనిపిస్తుంది. రెండు సంగతులు గుర్తుంచుకోండి. రిజిస్టర్ చేసుకోకముందే ఫార్మసీ కాలేజీ నుంచి అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. రెండోది, చాలా చోట్ల బయటి కాలేజీ నుంచి క్రెడిట్ మాత్రమే వస్తుంది, గ్రేడు జీపీఏలో కలవదు. అక్కడ "ఏ" గ్రేడు తెచ్చుకుని ఇక్కడి జీపీఏ పెంచుకుందామంటే కుదరదు. ఆర్గానిక్‌ని ఐదారు వారాల వేసవి సెషన్లో ముగించే ఆలోచన ఉంటే మానుకోండి.

కాలేజీల మాటకొస్తే, రట్గర్స్, న్యూయార్క్‌లో సెయింట్ జాన్స్, యూనివర్సిటీ ఆఫ్ రోడ్ ఐలండ్ హైస్కూలు నుంచే ఆరేళ్లకు తీసుకుంటాయి. కనెక్టికట్ యూనివర్సిటీలో రెండేళ్ల ప్రీ-ఫార్మసీ తర్వాత ఫార్మసీలోకి వెళ్తారు, నాలుగేళ్లు నిండేసరికి బీఎస్ పట్టా వస్తుంది, ఆ తర్వాత ఫార్మ్‌డీ. దారిలో బీఎస్ చేతికొస్తుందా రాదా అన్నది ప్రతి కాలేజీనీ అడగాల్సిన ప్రశ్న. పదిహేడేళ్లప్పుడు ఫార్మసీ అన్న పిల్ల ఇరవై ఏళ్లకు వద్దనవచ్చు, తప్పేం లేదు. అప్పుడు చేతిలో పట్టా రాని కోర్సైతే క్రెడిట్లన్నీ మూటగట్టుకుని ఇంకో మేజర్ వెతుక్కోవాలి. అందుకే వీలున్నచోట ఫిజిక్స్ లాంటివి రెండు సెమిస్టర్లూ తీసుకుని, కెమిస్ట్రీ మేజర్‌కో బయాలజీ మేజర్‌కో మళ్లే దారి తెరిచి ఉంచమంటాను. పీక్యాట్ (ఫార్మసీ ప్రవేశ పరీక్ష) కోచింగ్ అని ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి, ఆ పరీక్షను 2024 జనవరితో ఎత్తేశారు.

ఫార్మసీకి దరఖాస్తులు వెనకటికన్నా బాగా తగ్గాయి, అందుకే చాలా కాలేజీలు పిలిచి సీట్లిస్తున్నాయి. సీటొచ్చిందని సంబరపడేముందు ఆ కాలేజీ పిల్లలు నాప్లెక్స్ లైసెన్సు పరీక్షలో మొదటిసారికే ఎంతమంది పాసయ్యారో చూడండి. ఆ పరీక్ష నడిపే ఎన్ఏబీపీ సంస్థ కాలేజీలవారీగా ఏటా ప్రకటిస్తుంది. ఉద్యోగాల మాటా చెప్పాలి కదా: రైట్ ఎయిడ్ అనే పెద్ద మందుల షాపుల సంస్థ 2025లో దుకాణాలన్నీ మూసేసింది. మందుల షాపు కౌంటరే గమ్యమని కాకుండా ఆసుపత్రి, పరిశ్రమ వైపు కూడా చూసుకోవాలి. న్యూజెర్సీలో మందుల కంపెనీలు చాలా ఉన్నాయి, అది మీకు కలిసొచ్చే విషయం.

"ఇంత హైరానా ఎందుకు, గుంటూరులోనే బీఫార్మసీ చేయించి తీసుకురండి" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. ఆ పట్టాతో ఇక్కడ ఫార్మసిస్టు అవ్వడం కుదరదు. 2003 జనవరి 1 తర్వాత పట్టా పుచ్చుకున్నవాళ్లకు కనీసం ఐదేళ్ల కోర్సు ఉంటేనే విదేశీ ఫార్మసిస్టుల ఎఫ్‌పీజీఈసీ సర్టిఫికెట్‌కు అర్హత. నాలుగేళ్ల బీఫార్మసీ అందులో నిలవదు, ఇక్కడికొచ్చి ఎంఎస్ చేసినా ఆ లోటు పూడదు. మా తరంలో ఆ నాలుగేళ్ల పట్టాతోనే వచ్చి లైసెన్సు తెచ్చుకున్నాం, ఆ రోజులు పోయాయి. ఇండియాలో 2008లో మొదలైన ఆరేళ్ల ఫార్మ్‌డీ అయితే ఐదేళ్ల షరతుకు సరిపోతుంది. కానీ వచ్చాక అర్హత పరీక్ష, టోఫెల్, ఇంటర్న్ గంటలు, నాప్లెక్స్ ఇవన్నీ ఉంటాయి.

ఇంకో తేదీ కూడా ప్లాన్ కాగితం మీద రాయండి: అమ్మాయి 21వ పుట్టినరోజు. హెచ్-4 ఆ రోజుతో ఆగిపోతుంది. పద్దెనిమిదేళ్లకు చేరితే మూడో ఏడాదో నాలుగో ఏడాదో అది వస్తుంది, అంటే ఫార్మసీ క్లాసులు మొదలైన తర్వాత. గ్రీన్‌కార్డు దరఖాస్తు ఏ దశలో ఉందో బట్టి లెక్క మారవచ్చు, లాయరుని అడగండి. మారకపోతే ముందుగానే ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి దరఖాస్తు చేయాలి, దానివల్ల ఫీజు ఇన్-స్టేట్ (ఆ రాష్ట్రవాసులకుండే తక్కువ ఫీజు) నుంచి మారుతుందేమో యూనివర్సిటీని అడగాలి. తోటి పిల్లలు మందుల షాపుల్లో జీతానికి ఇంటర్న్‌లుగా చేరతారు, హెచ్-4 మీద ఉన్న పిల్లలకు అది కుదరదు. హెచ్-4 వాళ్లకిచ్చే వర్క్ పర్మిట్ భార్యాభర్తలకే, వాళ్లలోనూ కొందరికే. ఎఫ్-1కి మారితే చదువు ముగిశాక ఓపీటీ, అంటే కొంతకాలం ఉద్యోగం చేసుకునే అనుమతి ఉంటుంది. ఐ-20 (ఎఫ్-1 కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద వేసే కోర్సు కోడ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ కోర్సుల) జాబితాలో ఉందో లేదో కూడా అడిగి ఉంచుకోండి, ఒక్క ఏడాదా మూడేళ్లా అన్నది దాని మీదే.

ఇప్పటికిప్పుడు చేయాల్సింది స్కూలు కౌన్సెలర్‌ని కలవడం. వచ్చే ఏడాది క్లాసుల ఎంపిక చాలా స్కూళ్లలో చలికాలంలోనే ముగుస్తుంది. ప్రీకాల్క్యులస్, ల్యాబు ఉన్న కెమిస్ట్రీ అడగండి, ఏపీ ఇంగ్లిష్ కొత్తగా వచ్చిన పిల్లకు భారమనిపిస్తే వదిలేయండి. తర్వాత నచ్చిన నాలుగు కాలేజీలకూ అమ్మాయి చేతనే రాయించండి: ఏ ఏపీలు ఫార్మసీ కాలేజీ ఒప్పుకుంటుంది, జనరల్ కెమిస్ట్రీ రెండు వేసవిలో ఉంటుందా, మొదటి ఏడాది చేరినవాళ్లలో ఎంతమంది మూడో ఏడాదికి చేరుతున్నారు. ఫోన్ వద్దు, ఈమెయిల్లోనే అడగమనండి. మూడేళ్లలో అడ్వైజర్లు మారిపోతారు, కొత్తగా వచ్చినవాళ్లకు చూపించడానికి ఆ జవాబు దగ్గర ఉండాలి.