బాత్రూమ్ కోసం చీటీ పాడేయమంటారా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, మావారు ఆర్టీసీలో చేస్తున్నారు. ఇద్దరికీ కలిపి నెలకు 62,000 వస్తుంది. ఇంట్లో ఉన్నది ఒకటే బాత్రూమ్, ఆరడుగులు బై ఐదడుగులు. కట్టి 22 ఏళ్లయింది. పక్క గది గోడ చెమ్మెక్కి పెచ్చులూడుతోంది. మా అత్తగారికి 74 ఏళ్లు, మోకాళ్ల నొప్పులతో కింద కూర్చోలేకపోతున్నారు. ఇండియన్ తీసేసి వెస్టర్న్ పెట్టి, మొత్తం మార్చడానికి 1,60,000 అవుతుందని మేస్త్రీ చెప్పాడు. బ్యాంకులో 7 శాతానికి 3 లక్షల ఎఫ్‌డీ ఉంది. 2 లక్షల చీటీ 11 నెలలు కట్టాం, ఇంకా 9 నెలలుంది. ఇప్పుడు పాట 30,000 దగ్గర పోతోంది. చీటీ పాడేయమంటారా, ఎఫ్‌డీ తీసేయమంటారా?

జవాబు: రెండూ వద్దమ్మా. కానీ ముందు ఆ 1,60,000 సంగతి చూద్దాం. అది మేస్త్రీ నోటి లెక్క. పనివారీగా కాగితం మీద రాసిమ్మనండి. ఇవ్వనంటే ఇంకో మేస్త్రీని పిలవండి.

ఈలోగా టేపు పట్టుకుని మీరే కొలవండి. మీ బాత్రూమ్ గోడల చుట్టుకొలత 22 అడుగులు. ఏడడుగుల ఎత్తు దాకా టైల్స్ వేస్తే 154 చదరపు అడుగులు. తలుపు జాగా 17 తీసేస్తే 137. నేల 30 కలిపితే 167. ముక్కలకీ పగుళ్లకీ పది శాతం వేసుకుంటే 184. అడుగు 50 రూపాయల టైల్ అయితే 9,200. 80 రూపాయలది తీసుకున్నా పదిహేను వేలు దాటదు. టైల్స్ షాపులో అరపూట నిలబడి రంగు గురించి ఇంట్లో అందరం గొడవ పడతాం గానీ, డబ్బు పోయేది అక్కడ కాదు. నేల కింద.

నా అంచనా చెబుతాను, మీ దగ్గర కొంచెం అటూ ఇటూ కావచ్చు. పగలగొట్టి చెత్త ఎత్తించడానికి 9,000. పైపులు, ప్లంబర్ కూలీ కలిపి 24,000. వాటర్‌ప్రూఫింగ్ 9,000. టైల్స్ 9,200, వాటి పని కూలీ, సిమెంటు, ఇసుకతో 16,000. కమోడ్, ఫ్లష్ ట్యాంకు, కుళాయిలు 24,000. గీజరు, కరెంటు పని 11,000. పీవీసీ తలుపు 6,000. మొత్తం 1,08,200. పాత బాత్రూమ్ పగలగొడితే లోపల ఏముందో ఎవరికీ తెలియదు కాబట్టి ఇంకో 20,000 పక్కన పెట్టండి. 1,30,000 చాలు. (2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కదా అని మేస్త్రీని బేరమాడకండి. మీకు పట్టేది కొన్ని బస్తాలే.)

తగ్గించాల్సి వస్తే కుళాయిల్లో తగ్గించండి, టైల్స్‌లో తగ్గించండి. వాటర్‌ప్రూఫింగ్‌లో మాత్రం వద్దు. ఇది దెబ్బ తిని చెబుతున్న మాట. మా ఇంట్లో పని జరిగినప్పుడు, కోటింగు ఆరాక నీళ్లు నింపి చూద్దామంటే మేస్త్రీ ‘రెండు రోజులు పని ఆగిపోతుంది సార్’ అన్నాడు. నాకూ ఆఫీసుకి టైమవుతోంది, సరే అన్నాను. నాలుగు నెలలకి హాల్లో గోడ ఉబ్బింది. వేసిన టైల్స్ మళ్లీ పగలగొట్టించాను. మీరు మాత్రం నహానీ ట్రాప్‌లో, అంటే నేల మీది నీళ్లు బయటికి పోయే కంతలో, గుడ్డ కుక్కి, నీళ్లు నింపి, కనీసం ఒక రోజంతా వదిలేయండి. పక్క గది గోడ తడి కాలేదని చూసుకున్నాకే టైల్స్ వేయించండి. మేస్త్రీకి చివరి పది వేలు కూడా అక్కడ నెల రోజులు వాడి చూశాకే ఇస్తామని ముందే చెప్పండి.

ఇక డబ్బు. చీటీ ఇప్పుడు పాడితే చేతికొచ్చేది 1,70,000. చివరి నెలల్లో పాట దిగిపోతుంది, కంపెనీ కమీషన్ 5 శాతం పోయి 1,90,000 వస్తుంది. అంటే తొందరపడితే 20,000 పోతుంది. పైగా పాడుకున్నవాళ్లని జామీనుదార్లని తెమ్మంటారు, ఆ తిరుగుడు వేరే. అదే ఎఫ్‌డీ మీద అప్పు తీసుకుంటే, చాలా బ్యాంకుల్లో మీకొచ్చే వడ్డీ కంటే ఒక శాతం ఎక్కువ, అంటే 8 శాతం. 1,30,000కి తొమ్మిది నెలల వడ్డీ 7,800. ఎఫ్‌డీ కదలదు, దాని 7 శాతం దానికి పడుతూనే ఉంటుంది. ఓవర్‌డ్రాఫ్ట్‌గా అడగండి. పని నడిచే కొద్దీ తీసుకోవచ్చు, తీసినంతకే వడ్డీ. చీటీ చేతికి రాగానే మొత్తం కట్టేయండి.

ఒక్క విషయం. ఇదంతా రిజిస్టర్డ్ కంపెనీ చీటీ అనుకుని చెప్పింది. వీధిలో తెలిసినావిడ నడిపేది అయితే నా సలహా తిరగబడుతుంది. 20,000 పోతే పోయింది, ఈ నెలే పాడేయండి.

షాపువాళ్లు ‘నో కాస్ట్ ఈఎంఐ’ అంటారు. ముందు రొక్కం రేటు ఎంతో అడిగి రెండూ పోల్చండి.

పని అక్టోబరు, నవంబరుల్లో పెట్టుకోవద్దు. మన తీరంలో తుపాన్ల నెలలవి, 2018లో తిత్లీ వచ్చింది అక్టోబరులోనే. మంచి పనివాళ్లు చాలామంది హైదరాబాద్, చెన్నై వెళ్లి సంక్రాంతికి ఇళ్లకొస్తారు. వాళ్లు తిరిగి బండెక్కకముందే మాట్లాడి పెట్టుకోండి. పని పది, పన్నెండు రోజులు పడుతుంది. అన్నాళ్లూ అత్తగారు ఎవరింట్లో ఉంటారన్నది కూడా అప్పుడే తేల్చుకోండి.

కమోడ్ కొనేముందు గోడ నుంచి మురుగు పైపు మధ్య దాకా ఎన్ని అంగుళాలో ప్లంబరు చేత కొలిపించి రాసుకోండి. అది సరిపోకపోతే కొన్నది తిరిగి షాపుకే. కమోడ్ పక్కన గోడకి, పట్టుకుని లేవడానికి స్టీలు కడ్డీ తప్పనిసరి. దాని ఎత్తు మేస్త్రీకి వదలకండి. టైల్స్ వేయకముందే, కమోడ్ వచ్చే చోట అంతే ఎత్తు కుర్చీ వేసి అత్తగారిని కూర్చోబెట్టండి. లేవబోయినప్పుడు ఆవిడ చెయ్యి గోడ మీద ఎక్కడ పడుతుందో చూసి, సుద్దముక్కతో అక్కడ గీత గీయండి.