మా చెరువులోకి వచ్చింది వాళ్ల వ్యాపార రహస్యమా?

సందేహం: నేను మత్స్య సహకార సంఘం సభ్యుడిని. మా ఊరి చెరువు మీద 62 కుటుంబాలు బతుకుతున్నాయి. మా నాన్న రోజుల్లో ఆ నీళ్లు దోసిలి పట్టి తాగేవాళ్లం. ఎగువన ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) ఫ్యాక్టరీ ఉంది. మూడేళ్ల కిందట రెండో బ్లాకు కట్టారు. అప్పట్నుంచి వాగు నీళ్లు వాసన కొడుతున్నాయి. మొన్న సెప్టెంబర్ 20న రాత్రి పెద్ద వాన పడింది. తెల్లారేసరికి చెరువు నిండా చేపలు తేలాయి. మా ఆవిడ కట్ట మీద కూర్చుని ఏడ్చిన ఏడుపు ఇంకా చెవుల్లోనే ఉంది. ఇంగ్లండులో ఉన్న మేనల్లుడు పంపిన దరఖాస్తు నమూనా చూసి కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ)కి ఆర్టీఐ పెట్టాను. ‘1. మా చెరువును ఎందుకు పాడుకానిచ్చారు? 2. ఫ్యాక్టరీ మీద చర్య ఎప్పుడు తీసుకుంటారు? 3. ఆ ఫ్యాక్టరీకి సంబంధించిన పర్యావరణ సమాచారం మొత్తం ఇవ్వండి’ అని అడిగాను. మొదటి రెండూ ప్రశ్నలే తప్ప సమాచారం కాదని, మూడోది ప్రైవేటు కంపెనీ వ్యాపార రహస్యమని, 8(1)(డి) కింద ఇవ్వలేమని జవాబు వచ్చింది. అది ఫిబ్రవరి 11న నా చేతికి అందింది. ఆ ఆఫీసు చుట్టూ తిరిగే ఒకాయన 15 వేలిస్తే ఫైలు మొత్తం జిరాక్స్ తెచ్చిస్తానంటున్నాడు. ఇచ్చేయమంటారా? మాలాంటి వాళ్లకు న్యాయం జరగదా సార్?

జవాబు: మీ ఉత్తరం ఎనిమిది పేజీలు. పైన అచ్చు వేసింది అందులో కొంత మాత్రమే. ఆరో పేజీలో, గేదె చూడి నిలవకపోవడం గురించి చెబుతూ మధ్యలో ఒక వాక్యం రాశారు: ‘మూడో రోజు పీసీబీ వాళ్లు ఇద్దరు జీపులో వచ్చి క్యాన్లలో నీళ్లు పట్టుకెళ్లారు.’ మీ కేసంతా ఆ వాక్యంలోనే ఉంది. ఆ క్యాన్లు ల్యాబ్‌కు వెళ్లి ఉంటే ఒక రిపోర్టు ఉంటుంది. మీ దరఖాస్తులో అడగనిది సరిగ్గా అదే.

ముందు తేదీ సంగతి. ఇది మార్చి 4న రాస్తున్నాను. సమాచార హక్కు చట్టం 19(1) ప్రకారం జవాబు అందిన 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి. అంటే మార్చి 13 లోపు. ఆలస్యానికి తగిన కారణం ఉంటే మన్నించవచ్చని చట్టంలో ఉంది కానీ, ‘మేనల్లుడి ఫోన్ కోసం చూశాను’ అన్నది తగిన కారణం కాదు. జవాబు మీద జనవరి 29 అని తేదీ ఉందన్నారు. కాబట్టి 11నే అందిందని చూపించడానికి పోస్టాఫీసు ముద్ర ఉన్న కవరు కావాలి. దాన్ని ఎక్కడో పడేశానని ఎంత తేలిగ్గా రాశారండీ! ఆర్టీఐ జవాబు వచ్చిన కవరును జవాబుతోపాటే పిన్ను కొట్టి దాచాలి.

ఇక ఆ అధికారి జవాబు. సగం ఒప్పు, సగం తప్పు.

మొదటి రెండు విషయాల్లో ఆయనదే ఒప్పు. ఈ చట్టం కింద సమాచారం అంటే ఆఫీసులో ఏదో ఒక రూపంలో రికార్డై ఉన్నది. ఎందుకు, ఎప్పుడు, ఎలా అనుమతించారు అని అడిగితే అధికారి కూర్చుని కొత్తగా సంజాయిషీ రాయాలి. ఆ బాధ్యత ఆయనకు లేదని 2011లో సుప్రీంకోర్టు సీబీఎస్ఈ కేసులో తేల్చింది. మీ కడుపుమంట నాకు అర్థమవుతుంది కానీ, కడుపుమంట ప్రశ్నగా మారితే అధికారికి తప్పించుకునే దారి దొరుకుతుంది. అదే విషయాన్ని ‘సెప్టెంబర్ 20 తర్వాత మా చెరువు విషయంలో తయారైన తనిఖీ నివేదిక, నోట్ ఫైలు, ఫ్యాక్టరీకి ఇచ్చిన నోటీసుల నకళ్లు’ అని అడిగి ఉంటే ‘ఎందుకు’కి జవాబు ఆ కాగితాల్లోనే దొరికేది.

మూడోది మీ మేనల్లుడి పుణ్యం. ఇంగ్లండులో పర్యావరణ సమాచారానికి విడిగా 2004 నాటి నిబంధనలు ఉన్నాయి. గాలి, నీరు, నేల స్థితి, వాటిలోకి వదిలే వ్యర్థాలు, చప్పుడు, వాటిని ప్రభావితం చేసే నిర్ణయాలు, మనుషుల ఆరోగ్యం మీద వాటి ప్రభావం, ఇవన్నీ పర్యావరణ సమాచారమేనని అందులో నిర్వచించారు. పర్యావరణంలోకి వదిలే వాటి వివరాలకు వ్యాపార రహస్యం సాకు పనిచేయదని కూడా ఉంది. దాని వెనక పర్యావరణ సమాచార హక్కు మీద కుదిరిన 1998 నాటి ఆర్హస్ అంతర్జాతీయ ఒప్పందం ఉంది. అందులో మన దేశం లేదు. మన 2005 చట్టంలో పర్యావరణ సమాచారం అనే విడి గూడే లేదు. అక్కడి నమూనా తెచ్చి ఇక్కడ పెడితే, అధికారికి ఆ మాట ఏ కాగితాన్నీ గుర్తు చేయదు.

అలాగని మనకు తక్కువ ఉందనుకోకండి. మన చట్టం 2(ఎఫ్)లో రికార్డులు, లాగ్‌బుక్కులు, నివేదికలు, కాంట్రాక్టులు, అభిప్రాయాలు, శాంపిళ్లు, కంప్యూటర్‌లో ఉన్న డేటా అన్నీ వస్తాయి. చివర్లో ఇంకో ముక్క ఉంది: మరే చట్టం కిందైనా ప్రభుత్వ సంస్థ తెప్పించుకోగల ప్రైవేటు సంస్థ సమాచారం కూడా సమాచారమే. మీ కేసులో తిప్పాల్సిన తాళం ఇదే. 1974 నీటి కాలుష్య చట్టం 20, 23 సెక్షన్ల కింద పీసీబీ ఫ్యాక్టరీని వివరాలు అడగవచ్చు, లోపలికి వెళ్లి రికార్డులు చూడవచ్చు. కాబట్టి ‘అది ప్రైవేటు కంపెనీది’ అన్నంత మాత్రాన చట్టం తలుపు మూసుకోదు.

వ్యాపార రహస్యం మాటకొద్దాం. కుండలో ఏం వండుతున్నారో వాళ్ల రహస్యం కావచ్చు. మీ చెరువులోకి ఏం పారబోస్తున్నారో రహస్యం ఎలా అవుతుంది? మందు తయారీ ఫార్ములా, రియాక్షన్ దశలు దాచుకోమనండి. సమాచార హక్కు చట్టం 10వ సెక్షన్ కింద ఆ ముక్కలు మూసేసి మిగతాది ఇవ్వవచ్చు. పైగా 8(1)(డి)లోనే విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలని ఉంది. కంపెనీ గోప్యంగా ఉంచమన్న సమాచారమైతే 11వ సెక్షన్ ప్రకారం దానికి నోటీసు ఇచ్చి, పది రోజుల్లో అభ్యంతరం చెప్పే అవకాశం ఇచ్చి, ఆ తర్వాత అధికారి తనే నిర్ణయించాలి. కంపెనీ అభ్యంతరం అభ్యంతరమే, తీర్పు కాదు. మీకొచ్చిన జవాబులో నోటీసు ఇచ్చినట్టు ఒక్క మాట లేదు. నిరాకరణ సరైనదని నిరూపించే భారం అధికారిదేనని 19(5) చెబుతోంది. అప్పీలులో ఈ పాయింట్లు చాలు. చెరువు చరిత్ర అక్కర్లేదు.

రేపు ‘ఫైలు ఇంకా పరిశీలనలో ఉంది’ అని కూడా అనవచ్చు. పశ్చిమ కనుమల నిపుణుల కమిటీ నివేదిక విషయంలో కేంద్ర పర్యావరణ శాఖ అలాంటి వాదనే చేసింది. కేంద్ర సమాచార కమిషన్ బయటపెట్టమంది, 2012లో ఢిల్లీ హైకోర్టు ఆ ఆదేశాన్ని నిలబెట్టింది. గుర్తుపెట్టుకోండి.

అప్పీలులో కొత్త కాగితాలు అడగడం కుదరదు. అందుకే అప్పీలు వేసిన రోజే పది రూపాయల పోస్టల్ ఆర్డరుతో కొత్త దరఖాస్తు కూడా పెట్టండి. అందులో మొట్టమొదట ఇది రాయండి: ‘సెప్టెంబర్ 23న మా గ్రామ చెరువు వద్ద మీ సిబ్బంది సేకరించిన నీటి నమూనాల సేకరణ పత్రం, విశ్లేషణ నివేదిక, తనిఖీ నివేదికల ధ్రువీకృత నకళ్లు.’ తర్వాత ఫ్యాక్టరీ నడపడానికి పీసీబీ ఇచ్చిన సమ్మతి ఉత్తర్వులు, అంటే అక్కడ అందరూ సీఎఫ్ఓ అనేవి, షరతులతో సహా. ఏటా సెప్టెంబర్ 30 లోపు ఫ్యాక్టరీ ఇవ్వాల్సిన ఫారం 5 పర్యావరణ నివేదిక, గత మూడేళ్లవి. ఎంత నీరు వాడారు, ఎంత వ్యర్థం వచ్చింది, ఎటు పంపారు అన్నది దాంట్లో ఉంటుంది. ప్రమాదకర వ్యర్థాల వార్షిక రిటర్ను ఫారం 4, ట్యాంకర్లతో వెళ్లే మ్యానిఫెస్టు కాగితాలు. సెప్టెంబర్ 19 నుంచి 22 వరకు, ఫ్యాక్టరీ వదిలే నీటిని కొలిచే ఆన్‌లైన్ మీటరు డేటా. బల్క్ డ్రగ్ యూనిట్లు ఆ మీటరు పెట్టాల్సిన కేటగిరీలోవే. ఫారం 5లో రాసిన నీళ్ల లెక్కకూ, ట్యాంకర్ల లెక్కకూ మధ్య తేడా వచ్చిందా, ఆ తేడా ఎటు పోయిందో జవాబు చెప్పుకోవాల్సింది వాళ్లు.

ఇంకో సులువు దారి ఉంది. దీనికి ఆర్టీఐ కూడా అక్కర్లేదు. నీటి చట్టం 25(6) ప్రకారం సమ్మతి షరతుల రిజిస్టరును పీసీబీ నిర్వహించాలి. ఫ్యాక్టరీ నీరు బయటికి వచ్చే అవుట్‌లెట్ వల్ల ప్రభావితమైన ఎవరైనా పని వేళల్లో వెళ్లి ఆ రిజిస్టరు చూడవచ్చు. సమాచార హక్కు చట్టం రావడానికి 30 ఏళ్ల ముందు నుంచీ ఈ హక్కు ఉంది. అడిగినవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. సెక్షన్ పేరు రాసి ఒక కాగితం తీసుకుని వెళ్లండి, కౌంటర్లో ముద్ర వేయించుకోండి. చూపించకపోతే ఆ ముద్ర కాగితమే రేపు మీ సాక్ష్యం. అలాగే మూడేళ్ల కిందటి విస్తరణకు పర్యావరణ అనుమతి ఉండి తీరాలి. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం ఏటా జూన్ 1, డిసెంబర్ 1న ఇచ్చే షరతుల అమలు నివేదికలు బహిరంగ పత్రాలని అందులోనే రాసి ఉంది. బహిరంగ పత్రాన్ని రహస్యం అనడానికి ఎవరికీ నోరు రాదు.

ఆర్టీఐలో శాంపిల్ తీసుకునే హక్కు ఉంది కదా, సీసా పట్టుకుని ఫ్యాక్టరీలోకి పోతామని మీ సంఘం కుర్రాళ్లు అంటున్నారట. ఆ హక్కు ప్రభుత్వ సంస్థ చేతిలో ఉన్న పదార్థం మీద. ఫ్యాక్టరీ గోడ దూకడానికి అది పాస్‌పోర్టు కాదు. ఆపండి వాళ్లను.

15 వేల మనిషి గురించి గట్టిగా చెబుతున్నాను, ఒక్క రూపాయి ఇవ్వొద్దు. 2018 సవరణ తర్వాత అవినీతి నిరోధక చట్టం 8వ సెక్షన్ కింద లంచం ఇచ్చినవాడికి కూడా ఏడేళ్ల దాకా జైలు పడవచ్చు. దొడ్డిదారిన వచ్చిన కాగితాన్ని కోర్టు అసలు చూడదని చెప్పను, కొన్నిసార్లు చూస్తుంది. కానీ బోనులో మీరు నిలబడ్డప్పుడు అవతలి లాయరు అడిగే మొదటి ప్రశ్న ‘ఇది మీకు ఎవరిచ్చారు?’ అని. ఏం చెబుతారు? సంతకం, ముద్ర లేని జిరాక్స్‌లో రెండు పేజీలు మార్చారన్నా మీరు కాదనలేరు. అదే రిపోర్టు పేజీకి రెండు రూపాయలకు ముద్రతో వచ్చే దారి ఉండగా, 15 వేలు పోసి నేరం కొనుక్కోవడం ఏమిటి? విసిగిపోయి నేరుగా సమాచార కమిషన్‌కు 18వ సెక్షన్ కింద ఫిర్యాదు పెట్టడం కూడా వద్దు. ఆ దారిలో కమిషన్ సమాచారం ఇప్పించలేదని 2011లోనే సుప్రీంకోర్టు మణిపూర్ కేసులో చెప్పింది. మొదటి అప్పీలు, అది తేలకపోతే 90 రోజుల్లో రెండో అప్పీలు. దారి అదే.

సాక్ష్యం విషయంలో మీ సంఘం చేసింది చూస్తే కోపం వస్తోంది. చచ్చిన చేపల్ని పంచనామా లేకుండా జేసీబీతో గుంత తీసి పూడ్చారు. బొచ్చె ఎన్ని, రవ్వ ఎన్ని, ఎంత తూకం అన్న లెక్క లేదు. ఆరో రోజు మినరల్ వాటర్ సీసాలో నీళ్లు పట్టి ఫ్రిజ్‌లో పెట్టి, దసరాకు చుట్టాలొచ్చారని పారబోశారు! సీల్, సాక్షి సంతకం లేని ఆ సీసా ఉన్నా బలహీనమే. ఫ్యాక్టరీ పైపు దగ్గర అధికారులు నమూనా పట్టినా, ముందు నోటీసిచ్చి, రెండు భాగాలు చేసి, సీల్ వేసి సంతకాలు పెట్టకపోతే ఆ ఫలితం కోర్టులో చెల్లదని నీటి చట్టం 21వ సెక్షన్ అంటుంది. మీ సీసా ఎంత? ఇప్పుడు మిగిలినవి కూడబెట్టండి. చేపపిల్లలు కొన్న బిల్లులు, సంఘం మినిట్స్ పుస్తకం, ఆ రోజు వచ్చిన మత్స్యశాఖ అధికారి డైరీ, తహసీల్దారుకు ఇచ్చిన అర్జీ. చివరి రెండూ ఆ ఆఫీసుల్లో విడి ఆర్టీఐలు పెడితే వస్తాయి. తెల్లవారుజామున వీడియో తీసిన కుర్రాడి ఫోన్ అమ్మనివ్వకండి. వాట్సాప్‌లో తిరిగి వచ్చిన కాపీ వేరు, తీసిన ఫోన్ వేరు. కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ సర్టిఫికెట్ ఆ కుర్రాడి చేతే ఇప్పించాలి.

అసలు గండం మరోటి ఉంది. ఆర్టీఐ కోసం ఎదురుచూస్తుంటే జాతీయ హరిత ట్రిబ్యునల్ గడువు ఆగదు. ఆ ట్రిబ్యునల్ చట్టం 14వ సెక్షన్ కింద, వివాదానికి కారణం మొదట తలెత్తిన రోజు నుంచి ఆరు నెలలు. సెప్టెంబర్ 20 నుంచి లెక్కపెడితే మార్చి 20తో అయిపోతుంది. తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు, అంటే మే 19. ఆ తర్వాత ట్రిబ్యునల్‌కు కూడా చేతులు కట్టేసినట్టే. ‘మొదట’ అన్న మాట గమనించండి. ‘మూడేళ్లుగా వాసన’ అని మీరే రాసుకున్నారు. గడువు మూడేళ్ల కిందటే మొదలైందని అవతలివాళ్లు పట్టుకుంటారు. ఆ మాట దాచమనడం లేదు, దాస్తే వాళ్లే బయటపెడతారు. వాసన సంగతి వేరుగా, చేపలు చనిపోయిన ఘటన వేరుగా తేదీలతో రాయాలి. నష్టపరిహారం, చెరువు పునరుద్ధరణ కోరే 15వ సెక్షన్‌కు గడువు ఐదేళ్లు. మీ దరఖాస్తును దాని మీద నిలబెట్టడం క్షేమం. అడిగే పరిహారంలో ఒక శాతం ఫీజు ఉంటుంది కాబట్టి నోటికొచ్చిన కోట్లు రాయకండి. మన రెండు రాష్ట్రాల కేసులు చెన్నై బెంచికి వెళ్తాయి. ల్యాబ్ రిపోర్టు చేతికి రాకపోయినా దరఖాస్తు వేసేసి, ఆ రిపోర్టు తెప్పించమని ట్రిబ్యునల్‌నే అడగవచ్చు.

అప్పీలు కాగితం ఒకటిన్నర పేజీ దాటనివ్వకండి. మొదటి అప్పీలు అధికారి హోదా, చిరునామా మీకొచ్చిన జవాబు కిందే ఉండాలి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి, కనీసం దాన్నయినా. ఈలోగా ఇంట్లో పాత పేపర్ల కట్టలో ఆ కవరు ఉందేమో వెతకండి.