పాఠకుల ప్రశ్నలు: బొమ్మలు మాన్పిస్తే మార్కులు పెరుగుతాయా?

ప్రశ్న: మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. ఖాళీ దొరికితే చాలు బొమ్మలు వేస్తుంది, సొంతంగా కథలు అల్లి తమ్ముడికి చెబుతుంది. చదువు మాత్రం అంతంతమాత్రం. లెక్కల్లో మరీ వెనకబడింది. ‘ఇది కుడి మెదడు పిల్ల, దీనికి లెక్కలు రావు’ అని ఒకరంటే, ‘బొమ్మలు మాన్పించండి, మార్కులు వాటంతటవే వస్తాయి’ అని ఇంకొకరు అంటున్నారు. సృజనాత్మకతకూ, మెదడు పనితీరుకూ, చదువుకూ నిజంగా సంబంధం ఉందా?
– పేరు ప్రచురించవద్దన్న ఒక తల్లి

జవాబు: మొదటి సలహాను తోసిపుచ్చడం తేలిక. ఊహలకు కుడి మెదడు, లెక్కలకు ఎడమ మెదడు అన్న ప్రచారం మీద అది నిలబడింది. తీవ్రమైన మూర్ఛవ్యాధికి చికిత్సగా, మెదడు రెండు అర్ధభాగాలను కలిపే నరాల కట్టను కోసిన రోగులను మెదడు శాస్త్రవేత్త రోజర్ స్పెర్రీ పరిశీలించి, ఒక్కో భాగానికి కొన్ని ప్రత్యేకతలున్నాయని చూపారు. 1981 నోబెల్ బహుమతిలో ఆయనకు వాటా దక్కింది ఈ పనికే. చాలామందిలో భాష విషయంలో ఎడమ భాగానిదే పైచేయి అన్న మాట కూడా నిజమే. అయితే మనుషులనే కుడి మెదడువాళ్లు, ఎడమ మెదడువాళ్లు అని విడగొట్టడానికి ఇవేవీ ఆధారం కావు. యూటా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏడేళ్ల నుంచి 29 ఏళ్ల వరకు వయసున్న 1,011 మంది మెదడు స్కాన్లను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించారు. ఒక మనిషి మెదడు మొత్తంగా ఒకే వైపుకు మొగ్గి పనిచేస్తుందనడానికి వారికి ఆనవాళ్లు దొరకలేదు.

మరి సృజన మెదడులో ఎక్కడ ఉంటుంది అంటే, ఒక చోట ఉండదు. 2018లో రోజర్ బీటీ బృందం, రోజూ వాడే వస్తువులకు కొత్త ఉపయోగాలు ఆలోచించమని చెప్పి, ఆ సమయంలో 163 మంది మెదళ్లను స్కాన్ చేసింది. మంచి ఊహలు చేసినవారిలో మూడు వ్యవస్థలు గట్టిగా ముడిపడి కనిపించాయి: మనసు తనలో తాను విహరించేటప్పుడు చురుగ్గా ఉండే ‘డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్’, వచ్చిన ఆలోచనల్లో దేన్ని పట్టించుకోవాలో ఎంచే వ్యవస్థ, ఎంచినదాన్ని పట్టువదలకుండా సరిదిద్దే నియంత్రణ వ్యవస్థ. ఆ మూడోది లెక్క చేసేటప్పుడూ పనికి వచ్చేదే. ఇది పెద్దవాళ్ల మీద జరిగిన పరిశోధన కాబట్టి పిల్లలకు ఉన్నదున్నట్టు వర్తింపజేయకూడదు. నియంత్రణకు కీలకమైన మెదడు ముందుభాగం ఇరవైల నడుమ వరకూ ఎదుగుతూనే ఉంటుంది. అయినా ఊహాశక్తి ఒక గదిలోనూ లెక్కలు వేరే గదిలోనూ ఉంటాయన్న భావన సరికాదని చెప్పడానికి ఇది చాలు.

ఇక మార్కుల సంగతి. సృజనాత్మకతకూ చదువులో ఫలితాలకూ ఉన్న సంబంధంపై జరిగిన 120 అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2017లో వచ్చింది. వాటిలో పాల్గొన్నవారు యాభై వేలకు పైనే. తేలిన సహసంబంధం 0.22. సంబంధం అసలే లేకపోతే సున్నా, పూర్తిగా ఉంటే ఒకటి అనుకుంటే, ఇది ఉన్నదే గాని స్వల్పం: పిల్లల ఫలితాల్లో కనిపించే తేడాల్లో సుమారు 5 శాతానికి మించి దీనితో లెక్కకు రాదు. తరగతిలో వేసే గ్రేడ్ల కంటే ప్రామాణిక పరీక్షలతో ఈ బంధం ఎక్కువగా కనిపించింది. ఏది దేనికి కారణమో ఈ అంకె చెప్పదు. బొమ్మలు మార్కులను మింగేస్తున్నాయని మాత్రం దీన్నిబట్టి ఎవరూ అనలేరు. బొమ్మలు వేయిస్తే మార్కులు పెరుగుతాయనీ అనలేరు. కాబట్టి రెండో సలహానూ పక్కన పెట్టండి.

మీ అమ్మాయి లెక్కల దగ్గర ఎక్కడ ఆగుతోందో చూడడం ఇంతకంటే ముఖ్యం. అంకెల విలువ అర్థం కావడం లేదా, ఎక్కాలు గుర్తుండడం లేదా, లెక్కను చదివి అందులో ఏమడిగారో పట్టుకోలేకపోతోందా అన్నది పక్కన కూర్చుని నాలుగు లెక్కలు చేయిస్తే చాలావరకు తెలుస్తుంది. చిన్న సంఖ్యలను పోల్చడంలో కూడా ఎంతకాలమైనా తడబాటు పోకపోతే, డిస్కాల్క్యులియా (అంకెలు, లెక్కలు నేర్చుకోవడంలో ఉండే ప్రత్యేకమైన ఇబ్బంది) ఉందేమో నిపుణులచేత పరీక్ష చేయించండి.

ఆమె గీతలు ఇక్కడ పనికొస్తాయి, అయితే ఒక మెలిక ఉంది. మేరీ హెగార్టీ, మరియా కొజెవ్నికోవ్ 1999లో ప్రచురించిన అధ్యయనంలో, లెక్కలోని వస్తువులను కంటికి కట్టినట్టు ఊహించుకున్న విద్యార్థులు వెనకబడ్డారు. ఆ వస్తువుల మధ్య ఉన్న దూరాలను, వరుసను, కొలతలను ఊహించుకున్నవారు ముందున్నారు. దారి పొడవునా చెట్లు నాటే లెక్క ఇస్తే మీ అమ్మాయి బహుశా ఆకులతో సహా చెట్టు వేస్తుంది. ఒక గీత గీసి, చెట్టుకొక చుక్క పెట్టి, చుక్కల మధ్య దూరం రాయమనండి. రెండు చివర్లా చెట్లుంటే, ఖాళీల కంటే చెట్లు ఒకటి ఎక్కువని ఆ గీతే ఆమెకు చూపిస్తుంది. ఆకులు తరవాత వేసుకోవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయి చక్కగా బొమ్మలు వేస్తాడు. బొమ్మకొక బహుమతి చొప్పున ఇస్తే ప్రతిభ పెరుగుతుందా?
– ఒక తండ్రి

జవాబు: ముందే మాట ఇచ్చి ఇవ్వకండి. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ పరిశోధకులు బొమ్మలు వేయడమంటే ఇష్టపడే చిన్నపిల్లలను మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు బొమ్మ వేస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పారు. ఇంకో జట్టుకు చెప్పకుండా, వేశాక ఇచ్చారు. మూడో జట్టుకు ఏమీ ఇవ్వలేదు. కొద్దిరోజుల తరవాత స్వేచ్ఛగా ఆడుకునే వేళలో, మొదటి జట్టు పిల్లలు బొమ్మలకు వెచ్చించిన సమయం మిగతావారితో పోలిస్తే సగానికి పడిపోయింది. ఇష్టంతో చేసేది కాస్తా కూలికి చేసే పనిలా మారిందన్నమాట. మీ అబ్బాయికి కాగితాలు, రంగులు అందుబాటులో ఉంచండి. బొమ్మ చూపించినప్పుడు ‘బాగుంది’ అని ఊరుకోకుండా, అందులో ఏం జరుగుతోందో చెప్పమని అడగండి.