హల్దీరామ్‌ను పెంచింది రుచి కాదు, కవరు

“మాది రెండు తరాల మిఠాయి కొట్టు. పూతరేకులు, కాజాలు, కారప్పూస చేస్తాం. హల్దీరామ్ అంత పెద్దది ఎలా అయింది? మేమూ అలా పెరగొచ్చా?” అని అడిగారు.

పెరగొచ్చు. కాకపోతే మీకు పేరు తెచ్చిన పూతరేకులతో కాదు, మీరు చివర్లో చెప్పిన కారప్పూసతో.

గంగాబిషన్ అగర్వాల్ ముద్దుపేరు హల్దీరామ్. బికనీర్‌లో 1937 నుంచి ఆ పేరు మీద అమ్ముడుపోయింది మిఠాయి కాదు, మన కారప్పూస లాంటి భుజియా. శనగపిండికి రాజస్థాన్ మోఠ్ పప్పు పిండి కలిపి, పూసను బాగా సన్నం చేశాడంటారు. అందరూ ఆ మసాలా రహస్యం గురించే మాట్లాడతారు గానీ, నా దృష్టిలో అసలు సంగతి సన్నదనంలోనే ఉంది. సన్నపూసలో తడి చిటికెలో ఆవిరైపోతుంది. లావు జంతిక పైన ఎర్రబడ్డా నడుమ తడి మిగిలిపోతుంది, నాలుగు రోజులకు మెత్తబడుతుంది. నూనె 170–180 డిగ్రీల మధ్య నిలవాలి, సరుకులో తడి 2–3 శాతానికి దిగాలి. “నురుగు తగ్గింది, తీసెయ్” అనే లెక్క పది కిలోల వరకే. టన్ను వేయించాలంటే థర్మామీటరూ తేమ కొలిచే మెషీనూ కొనాల్సిందే.

పాలకోవా రెండు మూడు రోజులకు పులుస్తుంది. అదే కారప్పూస సరిగ్గా ప్యాక్ చేస్తే ఆరు నెలలుంటుంది. ఆరు నెలలు నిలిచే సరుకైతేనే ఊరు దాటుతుంది, కిరాణా కొట్టు గోడకు వేలాడుతుంది. పాల సరుకులో దేశం దాటింది ఎక్కువగా డబ్బా రసగుల్లాయే. ఎందుకంటే దాన్ని పాకంతో సహా డబ్బాలో సీల్ చేసి వేడి చేస్తారు.

ఇక మనవాళ్ళు చెడగొట్టుకునేది ఇక్కడే. వేడి తగ్గకముందే కవర్లో పోస్తారు. లోపల ఆవిరి పట్టి మర్నాటికే కరకర పోతుంది. గది వేడికి వచ్చేదాకా ఆగాలి, కానీ వానాకాలంలో రాత్రంతా ఆరబెడితే గాలిలో తేమ పీల్చేస్తుంది, కాబట్టి ఫ్యాన్ కింద పల్చగా పరిచి గంటలోపే ప్యాక్ చెయ్యాలి. పారదర్శకమైన కవరు అందంగానే ఉంటుంది గానీ, వెలుతురు తగిలితే నూనె కంపు కొడుతుంది. లోపల వెండిరంగు పొర ఉన్న కవరు వాడి, నైట్రోజన్ నింపి, లోపలి ఆక్సిజన్‌ను 2 శాతం కిందకి తేవాలి. సీల్ దగ్గర కారప్పొడి పడితే అంటుకున్నట్టే కనబడుతుంది, గాలి మాత్రం లీకవుతుంది. ప్రతి బ్యాచ్‌లో కొన్ని ప్యాకెట్లు నీళ్ళలో ముంచి నొక్కితే బుడగలే చెబుతాయి. మిక్చర్‌లో ముందు చెడేది పల్లీలు, తర్వాత సరిగ్గా వేగని కరివేపాకు.

నూనె విషయంలో తిట్లు తప్పవు. పల్లీనూనె రుచి వేరు, ఎవరూ కాదనరు. కానీ పామోలిన్ గాలికి అంత త్వరగా పాడవదు, ధరా తక్కువే. అందుకే పెద్ద కంపెనీలు దాని వెంట పడ్డాయి. జనం ప్యాకెట్‌లో గాలి ఎక్కువని తిడతారు గానీ, ఆ గాలి లేకపోతే పూస పొడైపోతుంది. తిట్టాల్సింది పది రూపాయల ధర కదలకుండా బరువు మాత్రం నిశ్శబ్దంగా కొయ్యడాన్ని! ఇంకోటి, మూకుడులో నూనె మీద నూనె పోస్తూ వారాలు లాగే కొట్లు. వాడిన నూనెలో పోలార్ పదార్థాలు (నూనె మళ్ళీ మళ్ళీ కాగి విరిగితే పుట్టేవి) 25 శాతం దాటకూడదని 2018 జులై నుంచి నిబంధన ఉంది. కొలిచే పరికరం దొరుకుతుంది, కొనేవాడే దొరకడు.

కుటుంబం సంగతి మీరు అడగలేదు, అయినా చెబుతాను, ఎందుకంటే పెద్దవుతుంటే మీకూ వచ్చే తలనొప్పి అదే. హల్దీరామ్ మనవలు ఊళ్ళు పంచుకున్నారు. శివకిషన్ నాగ్‌పూర్‌లో, మనోహర్‌లాల్, మధుసూదన్ ఢిల్లీలో, శివరతన్ బికనీర్‌లో. కోల్‌కతా శాఖ వాళ్ళ బాబాయిది. ఎవరి ఊళ్ళో వాళ్ళు పోటీపడి ఫ్యాక్టరీలు పెట్టారు కాబట్టి సరుకు దేశమంతా పరుచుకుంది. శివరతన్ 1993లో బికాజీ అని వేరే పేరు పెట్టుకుని, 2022 నవంబరులో స్టాక్ మార్కెట్‌కే వెళ్ళాడు. పాత హల్దీరామ్ పేరే పట్టుకుని వేలాడిన ఢిల్లీ, కోల్‌కతా శాఖలు మాత్రం ఏళ్ళ తరబడి కోర్టులో కొట్టుకున్నాయి. ఢిల్లీ, నాగ్‌పూర్ ప్యాకెట్ వ్యాపారాలను ఒక్కటి చెయ్యాలని తేల్చుకున్నాకే 2025లో సింగపూర్ ప్రభుత్వ పెట్టుబడి సంస్థ టెమాసెక్ దాదాపు పది శాతం వాటా కొంది. కంపెనీ మొత్తానికి వెయ్యి కోట్ల డాలర్ల ధర కట్టారని పత్రికలు రాశాయి.

కాబట్టి మెషీన్ కొనేముందు పేరును ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేయించండి, అదీ ఏ ఒక్క అన్న పేరు మీదో కాకుండా సంస్థ పేరు మీద. ట్రేడ్‌మార్క్‌లో ఒక్కో రకం సరుకుకు ఒక్కో క్లాసు ఉంటుంది: మిఠాయిలకు, పిండివంటలకు 30వ క్లాసు, వేయించిన పల్లీలకు, ఆలూ చిప్స్‌కు 29, రేపు హోటల్ పెడతామనుకుంటే 43. మూడింటికీ ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. ఏ జిల్లా ఎవరిదో, విడిపోతే పేరు ఎవరికో స్టాంపు పేపరు మీద రాసుకుని అందరూ సంతకాలు పెట్టండి.