లీష్ తీయాలంటే భయంగా ఉంది

ప్రశ్న: మా బుజ్జి దేశీ ఆడకుక్క, 14 నెలలు. మియాపూర్‌లో నాలుగో అంతస్తులో ఉంటాం. కొండాపూర్ డాగ్ పార్కులో లీష్ తీసి వదలొచ్చని విని మా బాబు రోజూ అడుగుతున్నాడు. పెద్ద కుక్కలు మీద పడతాయేమోనని నాకు టెన్షన్. తీసుకెళ్లమంటారా డాక్టర్ గారూ?

జవాబు: తప్పకుండా తీసుకెళ్లండమ్మా. కానీ మొదటిసారి బుజ్జి లేకుండా మీరిద్దరే వెళ్లి చూసి రండి. చెత్త వేసే 1.3 ఎకరాల స్థలాన్ని జీహెచ్‌ఎంసీ బాగుచేసి 2018లో తెరిచిన పార్కు అది. ఏ వేళలో రద్దీ తక్కువో కనుక్కుని, ఆ వేళకే టీకాల కార్డుతో బుజ్జిని తీసుకెళ్లండి. రేబిస్ టీకా గడువు దాటితే ముందు ఆ పని చూడండి. ఎదకొచ్చిన రోజుల్లో మాత్రం వద్దు.

మా కుక్క గౌరి సంగతి చెబుతాను. అలాంటి చోటికి మొదటిసారి తీసుకెళ్లినప్పుడు రెండు ల్యాబ్రడార్లు పరుగెత్తుకుంటూ వచ్చాయి. నేను భయపడి లీష్ బిగించి పట్టుకున్నాను. అంతవరకూ ఎవరి మీదా గుర్రుమనని పిల్ల, పళ్లు బయటపెట్టి మీదికి దూకింది. తాడు బిగిస్తే పక్కకు తప్పుకునే దారి ఉండదు, అందుకే ఎదురు తిరుగుతుంది. ఇంకో రోజు జనం లేనప్పుడు లీష్ తీసేశాను. ఎదుటి కుక్క దగ్గరికి తిన్నగా పోకుండా చుట్టూ తిరిగి వెళ్లి వాసన చూసింది. ఆ తర్వాత ముందు కాళ్లు నేలకానించి, నడుం పైకెత్తి తోక ఊపింది. ఆడుకుందాం రమ్మని పిలవడమే అది.

ఆటలో ఒకసారి ఇది తరిమితే ఇంకోసారి అది తరుముతుంది. అలాకాకుండా ఎప్పుడూ బుజ్జే కింద పడుతున్నా, తోక ముడిచి మీ కాళ్ల మధ్యకు దూరుతున్నా వెంటనే తీసుకొచ్చేయండి. పది నిమిషాలే అయినా సరే. బంతులు, బిస్కెట్లు తీసుకెళ్లకండి. కొట్లాటలు ఎక్కువగా వాటి దగ్గరే మొదలవుతాయి.

పిలవగానే వచ్చే అలవాటు ఇంట్లోనే చేయించండి, వచ్చిన ప్రతిసారీ చిన్న చికెన్ ముక్క పెట్టండి. పార్కులో కూడా మధ్యమధ్య పిలిచి, నిమిరి, మళ్లీ వదిలేయండి. ఇంటికెళ్లేటప్పుడు మాత్రమే పిలిస్తే రెండో రోజు నుంచే దొరకదు.

ఇంటికొచ్చాక చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో గోమార్లు పట్టాయేమో వేళ్లతో తడిమి చూడండి. ఈ పని బాబుకు అప్పగించండి, ఇష్టంగా చేస్తాడు.