మంచినీటి నత్తలకు, ఆల్చిప్పలకు మూత్రం ఎలా తయారవుతుంది?

చెరువు నుంచి తెచ్చిన నత్తలను, ఆల్చిప్పలను ఆర్.ఓ. నీటి తొట్టిలో పెంచవచ్చా, రాత్రింబవళ్లు నీటిలోనే ఉంటాయి కదా, ఒంట్లోకి నీరు చేరి ఉబ్బిపోవా, అసలు వాటికి మూత్రం ఉంటుందా అని అడిగారు. నల్గొండలో డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం ప్రాక్టికల్స్ చెబుతుంటాను కనుక, బల్ల మీద చూసినదాన్ని ఆధారం చేసుకుని రాస్తున్నాను.

నీరు చేరకుండా ఆపడం వాటి వల్ల కాదు. చెరువు నీటిలో కంటే వాటి రక్తంలో లవణాలు ఎక్కువ కాబట్టి, మొప్పల గుండా, మెత్తని చర్మం గుండా ద్రవాభిసరణ వల్ల, అంటే లవణాలు తక్కువున్న వైపు నుంచి ఎక్కువున్న వైపుకు నీరు పలుచని పొర దాటి పోవడం వల్ల, నీరు లోపలికి వస్తూనే ఉంటుంది. ఈ భారం తగ్గేలా ఆల్చిప్ప రక్తం బాగా పలుచగా ఉంటుంది. సముద్రపు నీటి గాఢత లీటరుకు సుమారు 1000 మిల్లీ ఆస్మోల్‌లు (నీటిలో కరిగి ఉన్న కణాలను కొలిచే లెక్క), మన రక్తానిది 300కు దగ్గర, మంచినీటి ఆల్చిప్ప రక్తానిది 50కి అటూఇటూ మాత్రమే. అంత పలుచని రక్తంతో కండరాలు, నాడులు పని చేయడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇక మూత్రం మొదలయ్యేది మూత్రపిండంలో కాదు, గుండె దగ్గర. ఆల్చిప్పకు ఒకవైపు చిప్ప తొలగించి చూస్తే, కీలుకు కాస్త కింద పలుచని పొర మాటున గుండె నెమ్మదిగా కొట్టుకోవడం కంటికి కనిపిస్తుంది. పురీషనాళం ఆ గుండె జఠరిక (రక్తాన్ని బయటికి నెట్టే గది) మధ్యలోంచే సాగిపోతుంది. రక్తపీడనం వల్ల నీరు, లవణాలు, గ్లూకోజు కర్ణికల (గుండెలోకి రక్తం వచ్చి చేరే గదుల) గోడల గుండా వడపోతకు లోనై హృదయావరణ కుహరంలోకి, అంటే గుండె చుట్టూ ఉన్న ఖాళీలోకి, చేరతాయి, పెద్ద ప్రోటీన్లు రక్తంలోనే నిలిచిపోతాయి. ఆ ద్రవం అక్కడి నుంచి కింద ఉన్న ముదురు గోధుమ రంగు మూత్రపిండాలలోకి, అంటే బొజానస్ అవయవాలలోకి, దిగుతుంది. వాటి గోడలు లవణాలను, గ్లూకోజును తిరిగి రక్తంలోకి పీల్చుకుంటాయి. మిగిలిన పలుచని మూత్రం మొప్పల పైనున్న గదిలోకి చేరి, బయటికి పోయే నీటితో కలిసి వెళ్లిపోతుంది.

మూత్రపిండం అనగానే విద్యార్థులు మలినాల గురించే రాస్తారు. నీటిలో ఉన్నంతకాలం నత్రజని మలినం చాలావరకు అమ్మోనియాగా మొప్పల నుంచి, శరీర ఉపరితలం నుంచి పోతుంది. మూత్రపిండానికి అసలు పని నీటిని తోడిపోయడం, లవణాలను కాపాడడం. ఎండాకాలం కుంటలు ఎండినప్పుడు బురదలో మూత బిగించుకుని పడుకునే పిలా నత్త సంగతి వేరు: నీటిని పొదుపు చేయాలి కాబట్టి అది మలినాన్ని యూరిక్ ఆమ్లంగా మార్చి ఒంట్లోనే నిల్వ చేసుకుంటుంది.

ఎంత కాపాడుకున్నా మూత్రంతో కొంత సోడియం, క్లోరైడ్ పోక తప్పదు. ఆ లోటును మొప్పలు శక్తి ఖర్చు చేసి చుట్టూ ఉన్న నీటి నుంచే పూడ్చుకుంటాయి. ఫ్లోరైడ్ భయంతో మన జిల్లాలో ఇంటింటా వాడే ఆర్.ఓ. నీటిలో ఆ లవణాలు, చిప్పకు కావలసిన కాల్షియం చాలావరకు ఉండవు. కనుక మీ తొట్టిలో చెరువు నీటినే పోయండి. మార్చేటప్పుడు కూడా ఒకేసారి అంతా పారబోయకుండా సగం మాత్రమే మార్చండి.