ముందు ఆ రోడ్డు ఎవరిదో తేల్చుకోండి

అన్నా, బస్టాండ్ ముందు గుంతల గురించి మూడుసార్లు దరఖాస్తు ఇచ్చినా మున్సిపాలిటీ వాళ్లు "మాది కాదు" అంటున్నారని రాశారు. అది నిజమే కావచ్చు. మన నల్గొండ వైపు చిన్న పట్టణాల మధ్య నుంచి పోయే మెయిన్ రోడ్డు చాలాచోట్ల ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల) శాఖది. లోపలి వీధులు, మురికి కాలువలు మున్సిపాలిటీవి. అందుకే రెండు దరఖాస్తులు రాయండి: గుంతల మీద ఆర్ అండ్ బీకి, కాలువ మీద మున్సిపాలిటీకి. కాలువ పూడిక సంగతి మాత్రం వదలొద్దు. నీళ్లు నిలిస్తే తారు కింద కంకర కదిలిపోతుంది, ఎన్ని ప్యాచ్‌లు వేసినా వానకు లేచిపోతాయి. మా ఊళ్లో రెండేళ్లు ఇదే గోస. సోమవారం కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో రెండూ ఇచ్చి రసీదు తీసుకోండి. రోడ్డు ఈమధ్యే వేసిందైతే, కాంట్రాక్టర్ సొంత ఖర్చుతో బాగుచేయాల్సిన గడువు ఎప్పటిదాకా ఉందో సమాచార హక్కు కింద అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.